అక్షప్రియుడు, అక్షజ్ఞుడు

సభాపర్వంలో పాండవుల పతనానికి బీజం పడినది ద్యూతసభలో కాదు. అంతకు ముందే, రాజసూయ వైభవాన్ని చూచి అసూయతో దహించుకుపోతున్న దుర్యోధనుని ఊరడిస్తూ శకుని వేసిన ఒక అంచనాలో పడింది. ధర్మరాజుకు జూదమంటే ప్రీతి ఉన్నది. ఆడే నేర్పు మాత్రం లేదు. పిలిస్తే కాదని వెనుదిరగలేడు. శకుని గుర్తించిన లక్షణాలు ఈ మూడే. మాయాపాచికల గురించి లోకంలో ఎన్నో కథలు ప్రచారంలో ఉన్నాయి కాని, ఈ మూడు లక్షణాలు ఒకచోట చేరిన మనిషిని ఓడించడానికి మాయతో పెద్దగా పని ఉండదు.

పేకముక్కలతో ఆడే పోకర్‌లో ఇటువంటివాణ్ణి అనుభవజ్ఞులు 'చేప' అంటారు. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో చేప ఎవరో అరగంటలోగా పోల్చుకోలేకపోతే ఆ చేప తానేనని గ్రహించాలని వారిలో ఒక నానుడి. రాజమహేంద్రవరంలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా అమెరికాలోని న్యూజెర్సీలో స్థిరపడిన ఒక తెలుగు యువకుడు ఏడాదిన్నర పాటు ఆ చేపగా బ్రతికాడు. అతని తాతగారు పౌరాణికులు. వానలు కురవని సంవత్సరాలలో విరాటపర్వం పారాయణ చేయించడానికి చుట్టుపక్కల గ్రామాలవారు ఎడ్లబండి కట్టుకొని వచ్చి ఆయనను తీసుకువెళ్ళేవారు. మనుమడు ఆ పారాయణలలో పీటలు వేసి, నీళ్ళచెంబు అందించి, కథ వింటూ నిద్రపోయేవాడు. నన్నయ సభాపర్వం, తిక్కన విరాటపర్వం అతనికి పుస్తకాలుగా కాదు, తాతగారి కంఠస్వరంగా పరిచయం. ఆ కంఠం ముప్ఫై ఏళ్ళ తరువాత జూదపు బల్ల దగ్గర తనకు వినిపిస్తుందని అతడు ఊహించలేదు.

శుక్రవారం సాయంత్రాలు ఒక సహోద్యోగి ఇంటి నేలమాళిగలో ఎనిమిదిమంది చేరేవారు. తలకు 20 డాలర్లు. సంక్రాంతికి అరుగు మీద రమ్మీ ఆడిన చేతులకు ఇది కొత్త ఆటే అయినా భయపెట్టే ఆట కాదు. ప్రతివానికి రెండు ముక్కలు రహస్యంగా పంచుతారు. తరువాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, పిదప ఒకటి, చివర మరొకటి, వెరసి అయిదు ముక్కలు తెరుస్తారు. ఈ ఏడింటిలో మేలైన అయిదు ఎవరివైతే వారిది గెలుపు. నడుమ నాలుగు విడతలుగా పందెం కాస్తారు. ప్రతి విడతలోనూ పందెం పెంచవచ్చు, ఎదుటివాడు కాసినంత కాసి నిలువవచ్చు, లేదా ముక్కలు వదిలి తప్పుకోవచ్చు. ఆటంతా ఈ మూడవదానిలోనే ఉన్నదని తెలియడానికి అతనికి ఏడాదిన్నర పట్టింది.

52 ముక్కల నుండి రెండేసి ముక్కల జతలు 1,326 ఏర్పడతాయి. వాటిలో నిజంగా బలమైనవి చాలా కొద్ది. రెండు ఆసులు చేతికి రావడం 221 పంపకాలలో ఒకసారి. ఏదో ఒక జోడీ రావడం 17 పంపకాలలో ఒకసారి. నిండుబల్ల దగ్గర నిలకడగా ఆడేవారు తమకు వచ్చిన ప్రతి అయిదింటిలో సుమారు నాలుగింటిని మొదటి విడతలోనే వదిలివేస్తారు. కొత్తవాడు వదలడు. ఆడటానికి వచ్చి ఆడకుండా కూర్చోవడం అతనికి అవమానంగా తోస్తుంది. రమ్మీలో 'డ్రాప్' చెప్పడానికి ఏనాడూ సంకోచించని ఈ యువకుడు ఇక్కడ మాత్రం ఇస్పేటు ఆసు పక్కన ఏ నాలుగో అయిదో ఉన్నా ఆసును చూచి మురిసి నిలిచేవాడు. ఉమ్మడి ముక్కలలో మరొక ఆసు వస్తే ఎదుటివాని చేతిలోనూ ఆసు ఉండవచ్చునని, అతని రెండవ ముక్క తన నాలుగు కంటె పెద్దదై ఉండటమే సహజమని అతనికి స్ఫురించేది కాదు. తన ముక్కలు మాత్రమే చూచుకోవడం, ఎదుటివాని ముక్కలను ఆలోచించకపోవడం అనే ఈ దోషానికి వేదాంతంలో పేరు వెతకనక్కరలేదు. అహంకారమన్న సామాన్యమైన మాటే సరిపోతుంది.

వరుస గురించి కూడా అంతే. బల్ల దగ్గర ముందుగా పలకవలసినవాడు అంధకారంలో పలుకుతాడు; చివర పలికేవానికి మిగిలినవారి నిర్ణయాలన్నీ కళ్ళ ముందుంటాయి. అందువల్ల అవే రెండు ముక్కలు ఒక స్థానంలో వదలదగినవి, మరొక స్థానంలో ఆడదగినవి అవుతాయి. దేశకాలపాత్రాలను బట్టి కర్మకు విలువ మారుతుందని చిన్ననాటి నుండి విన్నవాడు కూడా ఈ విషయాన్ని పుస్తకంలో చదివే వరకు గమనించలేదు.

ఒకనాటి ఆట అతనికి ఇప్పటికీ ముక్కముక్కగా గుర్తున్నది. చేతిలో ఆటీను ఆసు, ఆటీను పది. మధ్యలో మొదట తెరిచిన మూడింటిలో రెండు ఆటీన్లు. ఇంకొక ఆటీను వస్తే అయిదూ ఒకే జాతి, గెలుపు దాదాపు నిశ్చయం. నాలుగవ ముక్క కళావరు వచ్చింది. ఇక ఒక్క ముక్కే మిగిలింది. అప్పటికి మధ్యలో ఉన్న సొమ్ము 100 డాలర్లు. ఎదుటి ఆటగాడు మరొక 100 కాశాడు. కనిపించని 46 ముక్కలలో ఆటీన్లు 9. అంటే అయిదింట ఒక్కసారి మాత్రమే అనుకూలం. 100 కాసి 200 గెలుచుకొనే చోట మూడింట ఒకసారైనా గెలిచే అవకాశం ఉంటేనే నిలవడం సమంజసం. ఇటువంటి సందర్భం అయిదుసార్లు వస్తే నాలుగుసార్లు పోయేది 400, ఒకసారి వచ్చేది 200. వదలవలసిన ఆట అది. అతడు వదలలేదు. చివరి ముక్క ఆటీను రాణి.

బల్ల చుట్టూ కేకలు లేచాయి. ఎవరో వీపు తట్టారు. అతని జీవితంలో అత్యంత హానికరమైన గెలుపు అదే.

ఎందుకనగా ఆ ఫలం ఒక అవివేకాన్ని వివేకంగా ముద్రించింది. ఆ తరువాత ఆరునెలలు అటువంటి చోట్ల ప్రతిసారీ అతడు నిలిచాడు. ఆ ఆటీను రాణి ముఖం ప్రతిసారీ కళ్ళ ముందు మెదిలింది. ఓటమి కొత్తవాణ్ణి చెరుపుతుందని సాధారణంగా అనుకుంటారు. ఓడినవాడు కనీసం ప్రశ్నించుకుంటాడు. తప్పు చేసి గెలిచినవానికి ఆ ప్రశ్న కూడా పుట్టదు. నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది ఫలితాన్ని చూచి తేల్చడం ఈ ఆటలో చాలాకాలంగా పెద్ద దోషంగా చెప్పబడుతున్నది. రెండు ఆసులతో బరిలోకి దిగినవాడు రెండు రాజులవాని చేతిలో అయిదారుసార్లలో ఒకసారి ఓడుతూనే ఉంటాడు. ఓడినంత మాత్రాన అతడు చేసినది తప్పు కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ సూత్రాన్ని పట్టుకొని, పోకర్ నిష్కామకర్మను నేర్పుతుందని, ఆటగాడు స్థితప్రజ్ఞునికి నమూనా అని వ్రాసేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. అది పొరపాటు. నిపుణుడైన ఆటగాడు ఈ ఒక్క ఆట ఫలాన్ని పట్టించుకోడు. వేయి ఆటల ఫలాన్ని ఎంతో ఆశతో కోరుకుంటాడు. అతని నిర్లిప్తత లాభానికి సాధనం. గీతలో భగవానుడు ఉపదేశించిన ఫలత్యాగం స్వధర్మాచరణకు సంబంధించినది, లాభాన్ని పెంచుకొనే ఉపాయం కాదు. వంచించేవారిలో ద్యూతాన్ని నేనేనని విభూతియోగంలో స్వామి చెప్పిన మాట ద్యూతానికి యోగ్యతాపత్రం కూడా కాదు. మనువు రాజులకు కామజములైన వ్యసనాలను లెక్కిస్తూ, మద్యపానంతోను మృగయతోను పాటు పాచికలను అతి కష్టమైన వ్యసనాల వరుసలో నిలిపాడు. ఈ యువకుని అనుభవం వలన తెలిసేది పోకర్ యోగమని కాదు. యోగశాస్త్రం పేర్కొన్న మనోదోషాలను అది డాలర్ల లెక్కలో, అదే రాత్రి, రసీదుతో సహా చూపుతుంది.

ఆట చట్టబద్ధమైన న్యూజెర్సీలో 2013 నుండి ఇంటర్నెట్ ద్వారా కూడా ఆడవచ్చు. శుక్రవారపు నేలమాళిగ నుండి అతడు చేతిలోని ఫోనుకు మారాడు. 'ఇది నైపుణ్యక్రీడ' అన్న మాట అతనికి పెద్ద ఆధారం. ఆ మాటకు తెలుగునేలతో ఒక సంబంధం ఉన్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారంలో సుప్రీంకోర్టు 1968లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటగా పరిగణించింది. తరువాతి కాలంలో తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను డబ్బు కాసి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025లో కేంద్రమే చట్టం చేసింది. చట్టం మాట ఎలా ఉన్నా, నైపుణ్యక్రీడ అన్న పదం విని సంతోషించే కొత్తవాడు ఒక ప్రశ్న మరచిపోతాడు: ఎవరి నైపుణ్యం? హస్తినాపుర సభలోనూ నైపుణ్యం ఉన్నది. అది శకునిది. పందెం దుర్యోధనుడు ఒడ్డుతాడట, పాచికలు శకుని వేస్తాడట. ఒకని కోసం మరొకడు ఆడటం అసంగతమని ధర్మరాజు అభ్యంతరం చెప్పాడు కూడా. చెప్పి, వెంటనే ఆడటానికి కూర్చున్నాడు. దోషం తెలియకపోవడం వేరు. తెలిసి, నోటితో పలికి, అయినా కూర్చోవడం వేరు. కొత్తవారిలో రెండవ రకమే ఎక్కువ.

ఆ సభలో పందెాలు పెరిగిన క్రమాన్ని ఏ జూదశాలలోనైనా చూడవచ్చు. మొదట మణిహారం. తరువాత బంగారం, రథం, దాసీజనం, ఏనుగులు, గుర్రాలు, ధనాగారాలు. పోయినదాన్ని తిరిగి రాబట్టాలంటే పోయినదానికంటె పెద్దది ఒడ్డాలన్న తర్కం అది. నడుమ విదురుడు లేచి ధృతరాష్ట్రుని హెచ్చరించాడు; ఆట ఆగలేదు. పశువులు, పురం, భూమి పోయాయి. ఆపైన నకులుడు, సహదేవుడు. మాద్రీసుతులను ఒడ్డావు, భీమార్జునులు నీకు అంతకంటె ప్రియమైనవారు కాబోలునని శకుని గుచ్చాడు. ఒక్క ఎత్తిపొడుపు మాటకు అర్జునుడూ భీముడూ పందెంలోకి వచ్చారు. తరువాత తాను. తానూ ఓడిన తరువాత ద్రౌపది.

పోకర్ ఆడేవారు ఈ స్థితిని 'టిల్ట్' అంటారు. పడిపోబోయే వస్తువు ఒక పక్కకు ఒరిగినట్లు, ఓటమి తాకిడికి బుద్ధి ఒరిగిపోవడం. లెక్క తెలిసినవాడే లెక్క మరచిపోతాడు. ఈ యువకునికి అది ఎప్పుడూ రాత్రి పదకొండు దాటిన తరువాత వచ్చేది. 50 డాలర్లు పోతే 100 బల్లకు, అది పోతే 200 బల్లకు. తన ముక్కలు బలహీనమని తెలిసీ, ఎదుటి ఆటగాని మీద కసితో నిలిచేవాడు. ముఖం కూడా కనిపించని మనిషి మీద కసి!

ఈ స్థితి గురించి లోకంలో ఎంతో సాహిత్యం వచ్చింది కాని, అరణ్యపర్వంలో ధర్మరాజు చేసిన ఒప్పుకోలుకు సాటి వచ్చేది అరుదు. అడవిలో భీముడు నిష్ఠూరమాడినప్పుడు ఆయన శకుని మాయను నిందించి ఊరుకోలేదు. దుర్యోధనుని రాజ్యాన్ని గెలుచుకోవాలన్న కోరికతోనే తాను పాచికలు పట్టానని ఒప్పుకున్నాడు. పాచికలు శకుని ఇష్టానుసారం పడుతున్నాయని ఆటలోనే గ్రహించాననీ, అప్పుడు మనస్సును నిగ్రహించుకోవడం సాధ్యమే అయినా క్రోధం పురుషుని ధైర్యాన్ని హరిస్తుందనీ చెప్పాడు. పిలిస్తే కాదనరాదన్న నియమం చాటున దాగి ఉన్న ఆశ, ఓడుతున్నకొద్దీ దాన్ని ఆవరించిన క్రోధం, రెండూ ఆయన మాటలలోనే బయటపడ్డాయి. కామం నుండి క్రోధం, క్రోధం నుండి సమ్మోహం, అక్కడి నుండి బుద్ధినాశం అనే క్రమాన్ని తరువాత కురుక్షేత్రంలో అర్జునుడు విన్నాడు. ఆ క్రమాన్ని అన్నగారు ఒక మధ్యాహ్నం సభలో కూర్చుని అనుభవించే ఉన్నాడు.

నలుని కథ దీనికి పక్కన పెట్టి చదవవలసినది. నలుడు పుష్కరునితో నెలల తరబడి ఆడాడు. మంత్రులూ పౌరులూ వచ్చి వాకిట నిలిచారని దమయంతి కన్నీటితో విన్నవించినా తల ఎత్తలేదు. కలి ఆవేశించిన మనిషి. అన్నీ పోయిన తరువాత పుష్కరుడు నవ్వుతూ అన్నాడు: ఇక నీకు మిగిలినది దమయంతి, ఇష్టమైతే ఒడ్డు. నలుని గుండె కోపంతో పగిలినంత పనయింది. కాని ఏమీ పలకలేదు. ఒంటి మీది ఆభరణాలు తీసి పెట్టి, ఏకవస్త్రంతో నగరం విడిచి వెళ్ళిపోయాడు. రాజ్యమంతా పోగొట్టుకున్న ఆ ఆటగాడు చివరికి ఒక్కసారి, సరైన చోట, ముక్కలు వదిలాడన్నమాట. ధర్మమూర్తి అని పేరుగాంచిన యుధిష్ఠిరుడు చేయలేనిది, కలిపీడితుడైన నలుడు చేయగలిగాడు.

ఈ రెండు కథలలో ఏది తనదో యువకునికి తెలిసిన రాత్రి ఒకటి ఉన్నది.

తల్లిదండ్రుల కాశీ, ప్రయాగ, గయ యాత్ర కోసం దంపతులు మూడేళ్ళుగా వేరే ఖాతాలో దాచిన సొమ్ము 6,000 డాలర్లు. తండ్రికి డెబ్భై దాటింది. మోకాళ్ళు సహకరిస్తున్నప్పుడే గంగాస్నానం చేసి, గయలో పితృకార్యం ముగించుకోవాలని ఆయన కోరిక. వచ్చే కార్తీకానికి అని నిర్ణయమైంది. ఆ ఖాతా నుండి మొదటిసారి 200 తీసినప్పుడు అతడు దాన్ని అప్పు అనుకున్నాడు. ఆరువారాలలో 2,300 పోయాయి. అనుభవజ్ఞులు ఆటకు కేటాయించిన సొమ్మును ఇంటిసొమ్ము నుండి వేరుగా ఉంచుతారు. అందులోనూ ఒక కూర్చుండికి చిన్న భాగం మాత్రమే బల్ల మీదికి తెస్తారు. ఎంత నేర్పరికైనా వరుస ఓటములు తప్పవు కనుక. కొత్తవాడు పక్కన ఉన్నదంతా తెస్తాడు, తరువాత పక్కన లేనిదీ తెస్తాడు. ద్రౌపది సభలో అడిగించిన ప్రశ్న ఇదే కదా. ముందు ఓడినది తననా, నన్నా? తనది కానిదాన్ని ఒడ్డే అధికారం ఎక్కడిది? ఆ ప్రశ్నకు భీష్ముడే సమాధానం తేల్చలేకపోయాడు.

ఒక అర్ధరాత్రి అతడు ఖాతా తెరిచాడు. అందులో ఏమీ లేదు. మిగిలిన 3,700 డాలర్లు ఆ మధ్యాహ్నం భార్య పేరిట ఉన్న ఖాతాకు తరలిపోయాయి. మొదట వచ్చినది కోపం. మంచం పక్కన నిలబడి నిద్రపోతున్న ఆమెను లేపబోయాడు. ఆమె మేలుకొనే ఉన్నది.

"మీరు అడిగితే కాదనలేను. అందుకని అడగక ముందే తీసేశాను."

అంతకు మించి ఆమె ఒక్క మాట అనలేదు. ఎంత పోయిందని అడగలేదు, ఆమెకు తెలుసు. అతడు వంటింట్లోకి వచ్చి చీకటిలో కూర్చున్నాడు. అప్పుడు తాతగారి గొంతు వినిపించింది. నలుడు ఓడుతూనే ఉన్నాడని గ్రహించిన దమయంతి ఏడుస్తూ కూర్చోలేదు. సారథి వార్ష్ణేయుని పిలిపించి, కొడుకునూ కూతురునూ రథం ఎక్కించి, కుండినపురంలోని పుట్టింటికి పంపివేసింది. ఆ ఘట్టం చెప్పేటప్పుడు తాతగారు పుస్తకం మూసి కాసేపు ఆగేవారట. ఆపవలసినవాడు ఆగనప్పుడు, ఆగినవారు చేయవలసినది ఆ తల్లి చేసిందని అనేవారట.

మరునాటి నుండి అతడు మారిపోయాడని వ్రాస్తే కథ అందంగా ఉంటుంది, నిజం కాదు. ఆట మానడానికి ఇంకా రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు మిత్రులందరికీ తన దురదృష్టాన్ని వర్ణించి చెప్పాడు. రెండు రాజులు ఉండగా ఎలా ఓడాడో, చివరి ముక్క ఎంత అన్యాయంగా వచ్చిందో. పోకర్ గురించి తెలియని శ్రోతకు ఇంతకంటె విసుగు పుట్టించే కథ ఉండదు. తెలిసిన శ్రోతకు మరీ విసుగు. మరియా కొన్నికోవా అనే మనస్తత్త్వశాస్త్రవేత్త పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా సరిగా తెలియని స్థితి నుండి ఈ ఆట నేర్చుకొని, 2018లో ఒక పెద్ద పోటీ గెలిచి, ఆ అనుభవాన్ని 2020లో 'ది బిగ్గెస్ట్ బ్లఫ్' అనే గ్రంథంగా వెలువరించింది. ఆమెకు గురువు ఎరిక్ సీడెల్. దురదృష్టపు కథలు తన దగ్గర చెప్పవద్దని ఆ గురువు ఆమెకు పెట్టిన నియమం. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నావో అడుగు, చెబుతాను. ముక్క ఎలా పడిందో నాకు అనవసరం అన్న ధోరణి ఆయనది.

వ్యాసభారతంలో ఈ నియమానికి అందమైన పూర్వరూపం కనిపిస్తుంది. వనవాసంలో బృహదశ్వ మహర్షి వచ్చినప్పుడు ధర్మరాజు ఆయనకు తన జూదపు కథ చెప్పి, నాకంటె దురదృష్టవంతుడైన రాజు భూమి మీద ఉన్నాడా అని అడిగాడు. ఋషి జాలిపడి ఊరుకోలేదు. ఉన్నాడు, విను అని నలోపాఖ్యానం చెప్పాడు. చెప్పడమే కాదు, చివర అక్షహృదయాన్ని, అంటే పాచికల రహస్యాన్ని ఉపదేశించాడు. ఓదార్పు అడిగినవానికి విద్య ఇచ్చాడు.

ఆ విద్య స్వరూపం ఏమిటో నలుని కథలోనే సూచన ఉన్నది. ఋతుపర్ణ మహారాజు రథంలో విదర్భకు పరుగెడుతూ దారిలోని ఒక చెట్టును చూపి, రాలిన ఆకులూ కాయలూ ఎన్ని, కొమ్మలకు ఉన్నవి ఎన్ని అని చెప్పివేస్తాడు. బాహుకుని రూపంలో ఉన్న నలుడు నమ్మడు. ఎంత తొందర ఉన్నా రథం ఆపి, చెట్టు నరికి లెక్కిస్తాడు. సరిగా అన్నే ఉన్నాయి. కొద్దిపాటి కొమ్మలను చూచి వృక్షమంతటినీ అంచనా కట్టే ఈ విద్యను సంభావ్యతాశాస్త్ర చరిత్ర వ్రాసిన ఇయాన్ హాకింగ్ తన 1975 నాటి గ్రంథంలో ప్రత్యేకంగా ప్రస్తావించాడు. జూదపు రహస్యమూ లెక్కింపు రహస్యమూ ఒకే మనిషి దగ్గర ఉండటం యాదృచ్ఛికం కాదు. ఆ చెట్టు విభీతకం. అంటే త్రిఫలచూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో పాటు పడే మన తానికాయ చెట్టే. వైదికకాలంలో పాచికలుగా వాడినవి ఆ కాయలే. కృత, త్రేత, ద్వాపర, కలి అన్నవి యుగాల పేర్లే కాక ఆ ఆటలోని పందెపు పేర్లు కూడా. నలునికి అక్షహృదయం లభించిన క్షణంలో కలి అతని దేహం విడిచి ఆ తానిచెట్టులోకే ప్రవేశించాడు.

లెక్క తెలిసిన వెంటనే కలి వదలడం గమనింపదగినది. యువకుడు కూడా ఆట మానిన తరువాతే ఆటను సరిగా చదివాడు. ఆరువారాల ఆటల పట్టికను ఆ ఇంటర్నెట్ సంస్థ భద్రపరిచి ఉంచింది. ఒక ఆదివారం దాన్ని కాగితం మీద వ్రాసుకొని, ఎక్కడెక్కడ వదలవలసినదో ఎర్ర గీతలు పెట్టుకుంటూ పోయాడు. మూడువంతులకు పైగా గీతలే. దురదృష్టం వల్ల పోయినవి ఉన్నాయి. అవి అతడు అనుకున్నన్ని లేవు. చేతిలో ఆసు, రాజు ఉన్నాయన్న మమకారంతో, మధ్యలో తనకు పనికివచ్చే ముక్క ఒక్కటీ పడకపోయినా చివరివరకు కాసినవి పదుల సంఖ్యలో కనిపించాయి. జోడీ కాని రెండు ముక్కలకు మొదటి మూడింటిలో జత కుదరడం సుమారు మూడింట ఒకసారి మాత్రమేనని అతనికి అప్పటికి తెలుసు. తెలిసినా, ఇంత కాశాను కదా, ఇప్పుడు ఎలా వదలడం అన్న ఒక్క వాక్యం ప్రతి గీత పక్కనా వ్రాయవచ్చు. బల్ల మధ్యకు చేరిన సొమ్ము తనది కాదు. అది ఎప్పుడో పోయింది. కాసినవానికి మాత్రం అది ఇంకా తనదిగానే కనిపిస్తుంది.

ఆ సాయంత్రం అతడు రాజమహేంద్రవరానికి ఫోన్ చేశాడు. అక్కడ తెల్లవారుతున్నది. కార్తీకానికి యాత్ర కుదరదని చెప్పాడు. తరువాత ఎందుకు కుదరదో చెప్పాడు. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తండ్రి కోప్పడితే బాగుండునని అతనికి అనిపించింది.

"తాతయ్య విరాటపర్వం పుస్తకం అటక మీద ఉంది. ఉండు" అన్నారాయన. పుస్తకం దింపిన చప్పుడు, దుమ్ము దులిపిన చప్పుడు వినిపించాయి. చదివినది ఉత్తరగోగ్రహణం తరువాతి ఘట్టం. కొడుకు ఉత్తరుడు కౌరవులను గెలిచాడన్న వార్త విని విరాటుడు సంతోషంతో ఉప్పొంగి, పాచికలు తెమ్మన్నాడు. కంకభట్టుగా ఉన్న ధర్మరాజు, అప్పటికి అక్షహృదయం తెలిసినవాడు, ఆ కొలువులో ఆడి గెలిచిన ధనాన్ని తమ్ములకు పంచిపెట్టినవాడు, ఆ రోజు మాత్రం వద్దన్నాడు. సంతోషంతో ఒళ్ళు మరచినవానితో ఆడరాదని పెద్దల మాటగా విన్నానన్నాడు. జూదంలో రాజ్యాన్నీ తమ్ములనూ పోగొట్టుకున్న యుధిష్ఠిరుని సంగతి తమరు వినలేదా అని, తన కథనే మరొకని కథగా చెప్పాడు. రాజు వినలేదు. ఆట సాగింది. మాటా మాటా పెరిగింది. గెలిచినది బృహన్నల వల్ల అని కంకుడు పదేపదే అనడంతో విరాటుడు పాచికను విసిరి ముఖాన కొట్టాడు. ముక్కు నుండి రక్తం కారింది. అది నేల మీద పడక ముందే కంకుడు దోసిలి పట్టి, పక్కన నిలిచి ఉన్న సైరంధ్రి వైపు చూశాడు. ఆమె చూపు అందుకొని, నీళ్ళతో నిండిన బంగారు పాత్ర తెచ్చి ఆ రక్తాన్ని పట్టింది.

తండ్రి అక్కడ ఆగారు. ఫోను పక్కనే కూర్చున్న కోడలు కూడా వింటున్నదని ఆయనకు తెలియదు.

"సరే లేరా. కార్తీకం కాకపోతే మాఘం. మోకాళ్ళకు ఆ తైలం ఏదో పంపుతానన్నావు, అది పంపు."